గుంజొద్దన్న రెక్క

కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేద్దామంటే అది మెడకు కట్టిన గుడ్డలో ఊయలూగుతోంది. అందుకని ఎడమచెయ్యే నెత్తిమీద పెట్టుకుని చెబుతున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరం నిజం. ఉప్పుగూడలో నన్ను గప్పాల నర్సింగ్ అంటారని నాకు తెలుసు. కోతలరాయుడనే ఆ పేరు ఊరికే వచ్చింది కాదు, ఎంతో కష్టపడి సంపాదించుకున్నాను. నా పెళ్లి ఊరేగింపులో ఏనుగు నడిచిందని ముప్పై ఏళ్లుగా చెబుతున్నది నేనే. ఏనుగు నడిచిన మాట నిజమే. అది వేరే పెళ్లి ఏనుగనీ, దారి తప్పి మా గల్లీలోకి వచ్చిందనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. కానీ మా అవ్వ గురించీ, మా బాపు రెక్క గురించీ రాసేటప్పుడు ఒక్క ముక్క కల్పించినా నాకు మిగిలిన ఆ రెండో భుజం కూడా జారిపోవాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

భుజం కథ పోయిన నెల మా ఇంటి మెట్ల దగ్గర మొదలైంది. తడిమెట్టు మీద కాలు జారి, పడకుండా ఆపుకుందామని చెయ్యి పైకి చాపి కటకటాలు పట్టుకున్నాను. ఒళ్లంతా కిందికి వచ్చింది, చెయ్యి మాత్రం పైనే ఉండిపోయింది. భుజం గుండ్రదనం పోయి, గోడ మూలలాగా పలకబారింది. పక్కింటి కుర్రాళ్లు నలుగురు ఉరికొచ్చారు. "కాకా, ఒక్క గుంజుడు గుంజితే టక్కుమని కూసుంటది" అని ఒకడు అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నాడు. ముట్టుకుంటే మీ తాత ముత్తాతల గుట్టు రట్టు చేస్తానని బెదిరించి, తువ్వాలు చుట్టచుట్టి చంకలో పెట్టించుకుని, మా ఆవిడ పాత చీరతో చేతిని ఛాతీకి కట్టించుకుని దవాఖానకు వెళ్లాను. అక్కడి డాక్టరు మీసాలు ఇంకా సరిగ్గా ముదరని కుర్రవాడు. ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, "కీలు తప్పింది, దాంతోపాటు బొక్క అంచు కూడా ఇరిగింది. ఎవరన్నా గుంజిన్రా?" అన్నాడు. లేదన్నాను. "మంచిపని చేసిన్రు. గుంజకముందు ఫోటో తీయాలని ఎవరికీ తెల్వది. ఈ కట్టు ఎక్కడ కట్టించిన్రు పెద్దాయనా?" అన్నాడు. పెద్దాయనా అన్నందుకు వాణ్ణి ఇంకా క్షమించలేదు గానీ, ఆ ప్రశ్నకు మాత్రం నా ఛాతీ కట్టు తెగేంత ఉబ్బింది.

ఆ కట్టు మా అవ్వది. అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో అనుకునేరు; మా ఇళ్లల్లో కన్నతల్లినే అవ్వ అంటాం. పేరు సత్తెమ్మ. బాపు, అంటే మా నాయన, పేరు మల్లయ్య. మాది పాల వ్యాపారం. నిజాం రోజుల్లో ఉప్పుగూడ అంటే ఒకవైపు రైలు పట్టాలు, ఒకవైపు మా బర్రెలు, మధ్యలో కొన్ని ఇళ్లు. ఇప్పుడు పెద్ద పెద్ద ప్రహరీలు కట్టి, లోపల ఏం చేస్తున్నారో బయటికి చెప్పని కర్మాగారాలు లేచిన కంచన్‌బాగ్ వైపు అప్పుడు మా బర్రెలు మేసేవి. తెల్లారకముందే పాలు పిండటం, ఇత్తడి బిందెలు కావడికెత్తి లాల్‌దర్వాజా మీదుగా షాలిబండ దాకా పోయి ఇంటింటికీ పోయటం, పొద్దు బారెడెక్కేసరికి తిరిగిరావటం. మా ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా మూడు వాసనలు కలిసి ఉండేవి: పచ్చగడ్డి, పేడ, మూడోది మందు. మినప్పిండిలో కోడిగుడ్డు తెల్లసొన, పసుపు, నల్లేరు కలిపి అవ్వ రోట్లో నూరే మందు అది. మా బాపు బొక్కలు, అంటే విరిగిన ఎముకలు, కట్టేవాడు.

ఇది కులవృత్తి కాదు. బాపు చిన్నప్పుడు తాలీంలో కుస్తీ నేర్చుకుంటూ, అక్కడ ఉస్తాదు దగ్గర ఈ విద్య కూడా పట్టుకున్నాడు. పాలు పోసి తిరిగొచ్చేసరికి మా వాకిట్లో పదిమందైనా కూర్చుని ఉండేవాళ్లు. తాటిచెట్టు మీంచి జారినవాళ్లు, గాజుల బట్టీలో బస్తాలు మోస్తూ పడినవాళ్లు, పతంగుల కోసం మిద్దెల మీద ఉరికి కిందపడ్డ పిల్లలు. బాపు భుజం ఎక్కించే పద్ధతి చూడవలసిందే. మనిషిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన తాను కూర్చుని, మడమ అతని చంకలో ఆనించి, మణికట్టు పట్టుకుని, బర్రెపాలు పిండినంత నెమ్మదిగా గుంజేవాడు. కుదుపు ఉండేది కాదు. ఊరి కబుర్లు అడుగుతూ అడుగుతూ ఉండగానే "టక్" మని శబ్దం వచ్చేది. ఆ శబ్దానికి చార్మినార్ మీది పావురాలు లేచేవంటే మీరు నమ్మరు. నేను కళ్లారా చూశాను. ఇక్కడి నుంచి అక్కడికి ఎలా కనిపించిందని అడగకండి, అప్పట్లో మధ్యలో ఇన్ని మిద్దెలు లేవు.

బాపుకు ఒక నియమం ఉండేది. తప్పిన భుజాన్ని ముట్టుకునే ముందు బాగున్న భుజాన్ని ముట్టుకోవాలి. కళ్లు మూసుకుని, కుడిచేత్తోనే మొదట మంచి భుజం, తర్వాత అదే చేత్తో చెడ్డ భుజం. "రెండు చేతులు రెండు కథలు చెప్తయి. ఒకటే చెయ్యి రెండు రెక్కలు ముట్టాలె" అనేవాడు. ఒక్కొక్క మనిషి బొక్క ఒక్కొక్క తీరుగా ఉంటుందనీ, వాడి రెండో భుజమే వాడికి కొలత అనీ దాని భావం. దవాఖానలంటే మాత్రం బాపుకు గిట్టేది కాదు. "ఆళ్లకు కోసుడొక్కటే వస్తది" అని వాకిట్లో అందరి ముందూ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే భయపడేవాడు. తాలీంలో తనతో పట్టుపట్టిన దోస్తు ఒకడు గాయం కుళ్లాక దవాఖానకు పోయి ఒంటిచెయ్యితో తిరిగొచ్చాడు. గాయం కుళ్లేదాకా ఆగింది వాడి తప్పని బాపుకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఆడవాళ్ల సంగతి. పాతబస్తీలో ఘోషా ఇళ్లు ఎక్కువ. ఆ ఇళ్లల్లో ఆడమనిషి చెయ్యి విరిగితే పరాయి మగవాడు ముట్టుకోవడం కాదు, చూడటం కూడా కుదరదు. అప్పుడు మా ఇంటికి పరదా కట్టిన బండి వచ్చేది. బాపూ అవ్వా కలిసి వెళ్లేవాళ్లు. బాపు పరదాకు ఇవతల పీట మీద కూర్చునేవాడు, అవ్వ అవతల. ఇవతలి నుంచి బాపు, "మంచి రెక్క ముట్టినవా? ఇప్పుడు మడమ పెట్టు, నిమ్మలంగ గుంజు" అంటుంటే అవతల అవ్వ చేసేది. కాసేపటికి లోపల టక్ మనేది. ఇంటి పెద్దలు బయటికొచ్చి బాపుకు పాన్ ఇచ్చి, "వాహ్ మల్లన్నా, నీ చేతుల జాదూ ఉన్నది" అని భుజం తట్టేవాళ్లు. చేతులు లోపల పరదా వెనక కడుక్కుంటూ ఉండేవి. ఇరవై ఏళ్లు ఇలాగే నడిచింది. ఇందులో వింత ఏదైనా ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు అసలే తోచలేదు. నాకు అప్పటికి మీసాలొచ్చాయి, బాపు తర్వాత ఆ పీట నాదే అన్న ధీమా కూడా వచ్చింది.

అలాంటి రోజుల్లో దొరసాని మా ఇంటి పరువు మీదికి వచ్చింది. దొరసాని అంటే మా బర్రె. పూటకు ఏడు శేర్లు ఇచ్చేది, అందుకు తగ్గ పొగరు ఉండేది. ఆ పొద్దున బాపు నన్ను వెంటబెట్టుకుని దాన్ని మేతకు తోలుతూ, పగ్గం కుడి మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. అలా చుట్టుకోవద్దని నాకు వెయ్యిసార్లు చెప్పింది ఆయనే. స్టేషన్ దగ్గర గేటు వేసి ఉంది. ఇంజను మా చెవి పక్కనే కూత పెట్టింది. దొరసాని బెదిరి, వేసి ఉన్న ఆ గేటును అమాంతం దూకింది. బర్రె గేటు దూకడమేమిటని నవ్వుతున్నారు కదూ? నవ్వండి. దూకింది. బాపు గేటుకు ఇవతల, బర్రె అవతల, మధ్యలో బాపు చెయ్యి. పగ్గం తెగేసరికి ఆయన కంకర మీద పడి ఉన్నాడు. లేచి, ఎడమచేత్తో కుడిచేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, వెనక నేను, నా వెనక రైల్వే గేటుమన్, ముగ్గురం ఇంటికి నడిచాం.

వాకిట్లో అప్పటికే ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. వైద్యం కోసం వచ్చినవాళ్లు వైద్యుడి భుజం చూసి నోళ్లు తెరిచారు. వాళ్లలో ఖాదర్ పహిల్వాన్ ఉన్నాడు, బాపు చిన్ననాటి తాలీం దోస్తు, తన శిష్యుడి బెణికిన మోకాలు చూపించడానికి వచ్చాడు. ఒక ముసలమ్మ ఉంది, బాలమ్మ, మణికట్టు విరిగి కట్టు మార్పించుకోవడానికి వచ్చింది, ఆమె నోటికి మాత్రం ఏ కట్టూ లేదు.

"క్యా హువా మల్లన్నా?" అని ఖాదర్ లేచాడు.

"ఏం గాలే. కీలు తప్పింది" అన్నాడు బాపు, పొద్దున పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా. ఎడమచేత్తో కుడిభుజం ఒకసారి తడుముకున్నాడు. "బొక్క బాగనే ఉంది."

"అట్లయితే హటో సబ్. నేను గుంజుత, ఒక్క పట్టు."

"నువ్వు గుంజితే రెక్క గాదు, నా పానమే ఊడి నీ చేతిలకొస్తది. నర్సిగా! ఇటు రా. నా కొడుకు గుంజుతడు, సూడున్రి."

ఎనిమిది మంది ముందు ఆ మాట అన్నాడు. నా కొడుకు గుంజుతడు. ఆ ఒక్క మాటతో నేను ఒక జానెడు పొడుగు పెరిగాను, కావాలంటే అప్పటి లాగూలు చూపిస్తాను. బాపు నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. ముఖం మీద చెమట, పెదవి తెల్లబారింది. నేను పక్కన కూర్చుని, చెప్పు విడిచి, మడమ ఆయన చంకలో పెట్టి, మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాను. ఆ చెయ్యి లేకపోతే మా ఇంట్లో పన్నెండు బర్రెల పొదుగులు పిండేదెవరు? వాకిట్లో ఈ ఎనిమిది మంది మళ్లీ వచ్చేదెందుకు? అన్నీ నా రెండు గుప్పిళ్లలో ఉన్నాయి. నేను వాటి గురించి ఆలోచించలేదు. టక్ మన్నాక ఖాదర్ పహిల్వాన్ ఏమంటాడో అని ఆలోచించాను.

"ఆగు. చెయ్యి ఇడ్సిపెట్టు బిడ్డా."

అవ్వ కొట్టం వాకిట్లో నిలబడి ఉంది. చేతులకు పేడ ఉంది. ఆమె గొంతు పెద్దది కాదు, ఆ రోజూ పెంచలేదు. నేను వెంటనే వదిలేసి లేచి నిలబడ్డాను.

"ఏందే నీ లొల్లి?" అన్నాడు బాపు పడుకునే. "పొయ్యి మందు నూరు."

అవ్వ కుండలో నీళ్లు తీసుకుని మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. "మందు ఎప్పుడు నూరాల్నో నాకెరుకనే. మంచి రెక్క ముట్టి సూసినవా?"

"సూసిన."

"ఏ చేతితోని?"

బాపు తన రెండు చేతుల వైపూ చూసుకున్నాడు. కుడిచెయ్యి లేవదు. ఎడమచెయ్యి కుడిభుజాన్ని ముట్టుకోగలదు గానీ, అదే చెయ్యి మడిచి ఎడమభుజాన్ని ముట్టబోతే ఆ భుజమే కదిలిపోతుంది, ఇక కొలత ఎక్కడిది? నియమం పెట్టినవాడు తన ఒంటి మీద ఆ నియమం పాటించలేడు. ఎవడి భుజాలు వాడు కొలుచుకునేలా దేవుడు మనిషిని చెయ్యలేదు. ఇన్నేళ్లలో బాపుకు అది తట్టే అవసరం రాలేదు. అవ్వ చెంగు నెత్తిమీదికి లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఓయమ్మో!" అని బాలమ్మ మంచి చేత్తో బుగ్గ నొక్కుకుంది. "ఇంతమందిల మొగని మీద చెయ్యేస్తుంది సూడున్రి సత్తెమ్మ!"

"ఇయ్యాల ఈయన నా మొగడు గాదు బాలమ్మా. రెక్క తప్పినోడు. నీ తర్వాత వచ్చిండు గానీ నీకన్న ముందు సూస్తున్న, ఏమనుకోకు."

ఎవరో నవ్వారు. అవ్వ కళ్లు మూసుకుంది. మొదట ఎడమభుజం మీద చెయ్యి వేసింది. మెడ దగ్గరి నుంచి మొదలుపెట్టి, కొనమీదుగా దండచెయ్యి దాకా, చీకట్లో పొయ్యిమీది గిన్నె తడిమినంత నెమ్మదిగా. అదే చేత్తో కుడిభుజం. తర్వాత మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసింది. తర్వాత భుజం బయటివైపు కండను పట్టుకుంది.

"గిచ్చుతున్న. తెలుస్తుందా?"

"గిచ్చు, సూస్త."

"గిచ్చుడు అయిపోయింది."

బాపు తల తిప్పి చూశాడు. కండ మీద గోటి గుర్తు ఎర్రగా ఉంది. అప్పుడు అవ్వ ఆయన మోచేతిని కింద ఒక అరచేత్తో పట్టుకుని, ఇంకో అరచెయ్యి భుజం మీద ఆనించి, వెంట్రుకవాసి కదిపింది. నాకు వినపడలేదు. పక్కన వంగిన ఖాదర్‌కూ వినపడలేదు. ఆమె అరచేతికి వినపడింది.

"గరగరమంటుంది" అంది. "ఎండిన మక్కగింజలు సంచిల కదిలినట్టు. కీలు తప్పింది, బొక్క గూడ ఇరిగింది. గుంజొద్దు. దవాఖానకు పోవాలె."

వాకిట్లో కలకలం లేచింది. బొక్కలు కట్టే మల్లయ్య దవాఖానకా! బాపు ముఖం నల్లబడింది. "నీకేం తెలుసే గరగర?" అని కోపంగా అరిచాడు, అరవడంతో భుజం కదిలి నొప్పికి కళ్లు మూసుకున్నాడు. "ఇరవై ఏండ్లు నేను చెప్తె చేసినదానివి. ఇయ్యాల నాకే చెప్తున్నవా? గుంజురా నర్సిగా!"

అవ్వ నా వైపు చూడలేదు. బాపు వైపే చూస్తూ చెప్పింది. "షాలిబండల ఆ పెద్దింటోళ్ల దేవిడి యాదికుందా? పెద్ద బీబీ. మెట్లమీదికెల్లి పడ్డది. నువ్వు పరదా ఇవతల, నేను అవతల. మంచి రెక్క ముట్టిన. చెడ్డ రెక్క ముడితే గిట్లనే గరగరమన్నది. నువ్వు గుంజుమన్నవ్, గుంజిన. సప్పుడైంది. లోపటికి పోయిందన్న. నువ్వు షాబాష్ అన్నవ్, ఆళ్లు నీకు పాన్ ఇచ్చిన్రు. ఆమె మళ్ల తన జడ తాను ఏసుకోలే. పాలు పొయ్యబోయినప్పుడల్ల సూస్తున్న, కోడలు దువ్వాలె, కోడలు ముడెయ్యాలె. ఆ గరగర నీకు చెప్పలే. చెప్తె నీ పేరు పోతదనుకున్న. ఆమె చెయ్యి పోయింది. ఇయ్యాల గూడ సప్పుడు జెయ్యకుంట కూసుంటే నీ చెయ్యి పోతది."

కొట్టంలో దూడ ఒకటి అరిచింది. ఖాదర్ పహిల్వాన్ తల వంచుకుని నేలమీద వేలితో గీతలు గీస్తున్నాడు. అప్పుడు ఇరవై ఏళ్లలో మొదటిసారిగా బాపు అవ్వను ఒక సంగతి అడగడం విన్నాను. గొంతు తగ్గించి అడిగాడు గానీ, పక్కనే ఉన్నాను.

"కోస్తరా?"

"కోస్తే నన్ను దాటి కోస్తరు" అంది అవ్వ.

"ఖాదర్ భాయ్," అన్నాడు బాపు, "జట్కా పిలువు."

అవ్వ తువ్వాలు చుట్టచుట్టి చంకలో పెట్టింది. తన చీర కొంగు చించి, చేతిని ఉన్నది ఉన్నట్టే, ఇటూ అటూ తిప్పకుండా, ఛాతీకి ఆనించి కట్టింది. వేళ్లు బయటికి వదిలింది, రంగు మారితే తెలియడానికి. దవాఖానలో కార్బాలిక్ వాసన, నున్నటి గచ్చు, మా పేడ కాళ్ల గుర్తులు. అక్కడి డాక్టరు పొడుగ్గా, కళ్లజోడుతో, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడే మనిషి. బొక్క ఫోటో కిటికీ వెలుతురుకు పెట్టి మాకు చూపించాడు. బాపు కూడా చూశాడు. ఇన్నేళ్లు చేతులతో మాత్రమే చూసిన దాన్ని కళ్లతో చూడటం ఆయనకు అదే మొదటిసారి. గిన్నెలోంచి జారిన బంతి చంకలో కూర్చుని ఉంది. దాని కొనలో ఒక పెచ్చు లేచిపోయింది. బంతి కింద మెడ దగ్గర వెంట్రుకలాంటి సన్నని గీత.

"ఈ గీత సూసినవా? పగులు" అన్నాడు డాక్టరు. "తాకత్‌తోని గుంజితే మెడ ఇక్కడ తెగేది. చెయ్యి మీ చేతిల ఉండేది, బంతి చంకలనే ఉండేది. అప్పుడు కోసుడు తప్ప దారి లేకుండె. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండలు వదులైనంక, నిమ్మలంగ ఎక్కిస్త. గుంజొద్దని చెప్పింది ఎవరు?"

క్లోరోఫాం పట్టి, పని పూర్తిచేసి, బయటికి తెచ్చాక, నాలుక ఇంకా మొద్దుబారి ఉండగా, అడిగిన రెండు గంటలకు ఆ ప్రశ్నకు బాపు జవాబిచ్చాడు. "మా డాక్టరు బైట బెంచి మీద కూసున్నది" అన్నాడు. నర్సులు నవ్వారు. అవ్వ చెంగుతో మూతి కప్పుకుంది. ఆ నవ్వింది నర్సులే కాదని నాకు తెలుసు. మత్తు పూర్తిగా దిగాక కూడా బాపు ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మూడు వారాలు కట్టు. తర్వాత అవ్వ రాజ్యం. డాక్టరు చెప్పినవి రెండే: ముందుకు వంగి చెయ్యిని గంట లోలకంలా ఊపడం, గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకడం. అవ్వ వాటిని పూజలాగా జరిపించింది. గోడమీద బాపు వేళ్లు చేరిన చోట బొగ్గుతో గీత గీసేది. నిన్నటి గీత దాటకుండా అంబలి పోసేది కాదు. "పోలీసోళ్లు నయం" అని బాపు గొణిగేవాడు, గీత దాటేవాడు. పాలు పిండే పని నా మీద పడింది. పన్నెండు బర్రెలూ నా చేతిని అసహ్యించుకున్నాయి, దొరసాని అయితే ప్రతి పూటా నన్ను తన్ని, తర్వాతే పాలిచ్చేది. ఎండాకాలం వెళ్లేసరికి బాపు చెయ్యి చెవి దాకా లేచింది. చెవి దాటలేదు. గిచ్చితే తెలియని ఆ కండకు మాత్రం మెల్లగా తెలివి వచ్చింది. పొదుగు చెవికంటే కిందే ఉంటుంది కాబట్టి మా వ్యాపారానికి ఏ లోటూ రాలేదు.

వాకిట్లో మాత్రం పీట మారింది. ఎవరూ ప్రకటించలేదు. ఒక పొద్దున మనుషులొచ్చి కూర్చుంటే, బాపు పీటను అవ్వ వైపు కాలితో జరిపాడు. మగవాళ్లు కూడా భుజాలు చూపించుకున్నారు. మొదటివాడు ఖాదర్ పహిల్వానే, భుజంలో ఏ దోషమూ లేకపోయినా వచ్చి కూర్చుని, "ముట్టి సూడు బహెన్, మిగిలినోళ్లకు సిగ్గు తీరుతది" అన్నాడు. కీలు మాత్రమే తప్పినదాన్ని అవ్వ ఎక్కించేది. గరగరమన్నదాన్ని తన కట్టు కట్టి దవాఖానకు పంపేది. అక్కడి కాంపౌండరు ముడి చూసి, "ఉప్పుగూడ నుంచా? అయితే ఎవరూ గుంజలేదులే" అనేవాడట. మా గల్లీలో పెళ్లి సంబంధం తొందరపడి ఖాయం చేసేవాళ్లను చూసినా, "గుంజేటి ముందల సత్తెమ్మనడుగు" అనేవాళ్లు. షాలిబండ దేవిడికి కూడా అవ్వ వెళ్లింది. పెద్ద బీబీ ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తల్లి ఏమందో అవ్వ మాకెప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత వారానికి ఒకసారి వెళ్లి జడ వేసి వచ్చేది, బీబీ పోయేదాకా.

ఇప్పుడు కాలం మారింది, మారడం మంచిదే. నా భుజాన్ని ఎక్కించిన ఆ కుర్ర డాక్టరు నాకు సూది గుచ్చడం కూడా తెలియనివ్వలేదు. బాపు రోజుల్లో విరిగి వంకరగా అతికిన చేతులు గల్లీకి నాలుగు కనిపించేవి, ఇప్పుడు కనిపించవు. అయినా ఒక మాట. ఆ కుర్రవాడు ఫిలిం చూశాడు, కాగితం చూశాడు, నా ఎడమభుజం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. ఆ అవసరం లేదు, ఫిలింలోనే అంతా ఉంది. కానీ బాగున్న భుజం మీద ఎవరైనా ఒక అరచెయ్యి వేసినప్పుడు మనిషికి కలిగే ధైర్యం ఏ ఫిలింలోనూ పడదు. ఫోటో తీసే యంత్రం మా పాతబస్తీలోకి నడిచి రాకముందే, పేడ కడుక్కున్న ఒక అరచేతిలో ఆ ధైర్యం ఉండేదని నేను ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాను. ఛాతీ విరిస్తే భుజం నొస్తుంది. అయినా చెప్పుకుంటాను.

ఇక ఒట్టు సంగతి. కల్పించింది ఒకటుంది. పావురాలు కాదు, బర్రె గేటు దూకడమూ కాదు, వాటి జోలికి రాకండి. అవ్వ "ఇడ్సిపెట్టు" అనగానే వెంటనే వదిలేశానని రాశాను చూడండి, అది అబద్ధం. వదల్లేదు. ఎనిమిది మంది ముందు బాపు నన్ను కొడుకన్నాడు. అవ్వ మాటకు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఏ పనీ ఆపలేదు, నేనెందుకు ఆపుతాను? మడమ ఇంకా గట్టిగా ఆనించి, పట్టు బిగించి, గుంజడం మొదలుపెట్టాను. అవ్వ నాలుగు అంగల్లో వచ్చి, వంగి, నా ముంజేతిని కరిచింది. అందరి ముందూ, రక్తం వచ్చేలా. అప్పుడు వదిలాను. డాక్టరు కిటికీలో చూపించిన ఆ వెంట్రుకవాసి పగులు బర్రె చేసిందో, నేను బిగించిన ఆ రెండు క్షణాలు చేశాయో ఈనాటికీ నాకు తెలియదు. తప్పు బర్రె మీదే వేశాను. ఈ కథ జీవితంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ వెంటనే వదిలేసిన కొడుకునే అయ్యాను. అవ్వ ఎన్నోసార్లు పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. మిగతా కోతలన్నీ ఎక్కడికక్కడ దిద్దేది. ఆ చోటుకు వచ్చేసరికి మాత్రం తలెత్తేది కాదు, రాళ్లు ఏరుతూనే ఉండేది.